ఈగ నాలుక నుంచి సుడిదోమ దాకా: దగ్గరి ఫొటోల పరికరాల చరిత్ర

పెరట్లో కరివేపాకు చెట్టు మీద వాలిన సీతాకోకచిలుకనో, కుండీలో విచ్చుకొన్న మందారం లోపలి పుప్పొడినో దగ్గరగా ఫొటో తీయాలన్న సరదా మన పెన్షనర్లలో చాలామందికి ఉంది. సర్వీసులో ఉన్నంతకాలం తీరిక లేదు. తీరిక దొరికేసరికి కొనవలసిన పరికరాల జాబితా చూస్తే గుండె గుభేలుమంటోంది. మాక్రో లెన్సు, రింగ్ ఫ్లాష్, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, ట్రైపాడ్ అంటూ దుకాణదారు చెప్పినవన్నీ కొంటే గ్రాచ్యుటీలో ఒక ముక్క అక్కడే వదిలి రావాలి. మన మిత్రులొకరు అలాగే ఒక దుకాణంలో చెప్పిన మాట నమ్మి పిట్టల ఫొటోలకు పనికివచ్చే బారెడు జూమ్ లెన్సు తెచ్చుకొన్నారు. తేనెటీగను చూపిస్తే అది అయిదారడుగులు వెనక్కి జరగమంటుంది. అంత దూరం జరిగితే తేనెటీగ కనిపించదు!

ఏది కొనాలని నన్ను అడిగేవారికి నేను ముందుగా చరిత్ర చెబుతుంటాను. విసుక్కోకండి. ఈ పరికరాలలో ప్రతి ఒక్కటీ ఎవరికో ఎదురైన ఒక ఇబ్బందిలోంచి పుట్టింది. ఆ ఇబ్బంది మనకూ ఉంటే ఆ పరికరం మనకు కావాలి, లేకపోతే అక్కరలేదు. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ చరిత్రలో మహారాజుల కన్నా గుమాస్తాలు, బడి మాస్టర్లే ఎక్కువగా కనిపిస్తారు.

మొట్టమొదటి దగ్గరి చిత్రాలకు లెన్సే లేదు. ఇంగ్లండులో అన్నా ఆట్కిన్స్ అనే ఆమె 1843లో సముద్రపు నాచుమొక్కల చిత్రాలతో ఒక పుస్తకం వెలువరించడం ప్రారంభించారు. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దానినే చెబుతారు. ఆమె పద్ధతి చాలా సులువైనది. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద మొక్కను పరచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచి, తర్వాత నీళ్లతో కడిగేవారు. మొక్క ఉన్నచోట తెలుపు, మిగతా అంతా నీలం. ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టారు. పి.డబ్ల్యు.డి.లోనూ ఇరిగేషన్‌లోనూ పనిచేసిన మన మిత్రులకు వేరే వివరించనక్కరలేదు, వారు ఏళ్ల తరబడి చంకలో పెట్టుకొని తిరిగిన బ్లూప్రింటు అదే. బొమ్మ సరిగ్గా మొక్క ఎంత ఉంటే అంతే వస్తుంది. ఇప్పుడు ఖరీదైన మాక్రో లెన్సుల మీద ‘ఒకటికి ఒకటి’ అని గొప్పగా రాస్తారే, ఆ కొలతను ఆమె లెన్సు లేకుండానే సాధించారన్నమాట. 1853, 1854 సంవత్సరాలలో ఫెర్నులు, పూల మొక్కల చిత్రాలు కూడా అలాగే తయారుచేశారు.

ఉన్నదానికంటే పెద్దదిగా చూడాలంటే మాత్రం లెన్సు కావాలి. ఫొటోగ్రఫీని కనిపెట్టినవారిలో ఒకరైన ఫాక్స్ టాల్బట్ 1839 నాటికే సూర్యకాంతితో పనిచేసే సూక్ష్మదర్శిని ద్వారా చిత్రాలు తీశారు. పురుగుల రెక్కల చిత్రాలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ కాలపు కాగితం చాలా మందకొడిది, చాలాసేపు కదలకుండా ఉంటేనే బొమ్మ పడేది. అందుచేత పురుగుల ఫొటోలంటే చచ్చిన పురుగుల ఫొటోలే. బతికిన పురుగును తీయడానికి ఇంకా అరవై, డెబ్బయ్యేళ్లు పట్టింది.

ఇక్కడ కొద్దిగా లెక్క చెప్పుకోవాలి, ఇది తెలిస్తే దుకాణదారు మాటలు సగం అర్థమైపోతాయి. దూరంగా ఉన్న వస్తువుకు లెన్సు ఫిల్ముకు దగ్గరగా ఉంటే చాలు. వస్తువు దగ్గరకు వచ్చేకొద్దీ లెన్సును ఫిల్ము నుంచి ముందుకు జరపాలి. 50 మి.మీ. లెన్సును ఇంకో 50 మి.మీ. ముందుకు జరిపితే వస్తువు ఎంత ఉందో ఫిల్ము మీద అంతే బొమ్మ పడుతుంది. అయితే దీనికి రెండు జరిమానాలు కట్టాలి. మొదటిది వెలుతురు. లెన్సు అంత దూరం జరిగితే ఫిల్ము మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండోది స్పష్టంగా కనిపించే లోతు. 35 మి.మీ. ఫిల్ము మీద ఒకటికి ఒకటి చొప్పున తీస్తే, లెన్సు కంతను ఎఫ్ 16 దాకా మూసినా, రెండు మి.మీ.కు మించి లోతు రాదు. సీతాకోకచిలుక కన్ను బాగా వస్తే రెక్క అలుక్కుపోతుంది. లోతు కోసం కంత మూస్తే వెలుతురు ఇంకా తగ్గుతుంది, వెలుతురు తగ్గితే ఎక్కువసేపు తెరవాలి, అంతసేపట్లో గాలికి పువ్వు ఊగుతుంది. నూటఎనభై ఏళ్లుగా ఈ పరికరాలు చేసినవారంతా ఈ ముడిని విప్పుతూనే ఉన్నారు.

ఈ ముడిని ఓపికతో విప్పినాయన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. 1865లో జర్మనీలో పుట్టారు. చదువు పెద్దగా సాగక ఇనుప పోతపనుల కర్మాగారంలో అచ్చులు, శిల్పాలు చేసే పని నేర్చుకొన్నారు. తర్వాత బెర్లిన్‌లోని కళల బడిలో మాస్టరుగా చేరి దాదాపు ముప్పయ్యేళ్లు ఒకటే పాఠం చెప్పారు: మొక్కలను చూసి నమూనాలు చేయడం. విద్యార్థులకు చూపించడానికి తాజా మొక్క రోజూ దొరకదు, దొరికినా వాడిపోతుంది. అందుకని మొక్కలను ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. కెమేరా కొనలేదు, కొయ్యతో తానే చేసుకొన్నారు. ముందు లెన్సు, వెనక గాజుపలక, మధ్యలో కమ్మరి కొలిమితిత్తిలా సాగే పొడుగాటి తిత్తి. ఆ తిత్తి సాగదీసిన కొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. దానితో మొగ్గను, లేత తీగ చివరను ముప్పయి రెట్ల దాకా పెద్దవి చేశారు.

వెలుతురు సంగతేమిటంటారా? కిటికీలోంచి వచ్చే మెత్తటి పగటి వెలుతురే. ఎక్కువసేపు తెరిచి ఉంచేవారు. మొక్క గదిలో ఉంటుంది, గాలి తగలదు, వెనకాల తెల్లదో బూడిదరంగుదో ఒక అట్ట. తోటలలో పెంచిన ఖరీదైన పువ్వుల జోలికి పోలేదు. దారి పక్కన, రైలుకట్ట పక్కన మొలిచిన పిచ్చిమొక్కలే ఆయన సరుకు. ఆ విధంగా వేల ఫొటోలు పోగయ్యాయి. అవన్నీ బడిలో పాఠానికి తప్ప బయట ఎవరికీ తెలియవు. 1926లో ఒక గ్యాలరీ యజమాని వాటిని చూసి ప్రదర్శన పెట్టాడు. 1928లో పుస్తకం అచ్చయ్యేసరికి ఆయనకు 63 ఏళ్లు. మన లెక్కలో పెన్షను పుచ్చుకొనే వయసు! ఆ పుస్తకంతో యూరపు అంతటా పేరు మోగిపోయింది. 1932లో కన్నుమూశారు. మేడ మీద గదిలో పూల ఫొటోలు తీసుకోవాలనుకొనేవారికి ఆయన పద్ధతి ఈనాటికీ పాతబడలేదు. కిటికీ వెలుతురు, కదలని పీట, వెనక ఒక అట్ట ఉంటే ఫ్లాష్ జోలికే పోనక్కరలేదు.

పురుగు విషయం వేరు. దాన్ని పీట మీద కూర్చోమంటే కూర్చోదు. ఇక్కడ మనకు కనిపించే మనిషి లండన్‌లో ఒక ప్రభుత్వ గుమాస్తా, పేరు ఫ్రాంక్ పెర్సీ స్మిత్. 1880లో పుట్టారు. పధ్నాలుగేళ్లకే విద్యాశాఖలో కుర్ర గుమాస్తాగా చేరారు. పగలంతా ఫైళ్లు, సాయంత్రం సూక్ష్మదర్శిని. 1908 ప్రాంతంలో ఆయన తీసిన ఈగ నాలుక ఫొటో చార్లెస్ అర్బన్ అనే సినిమా నిర్మాత కంటబడింది. ఆయన స్మిత్‌కు ఒక మూవీ కెమేరా ఇచ్చి చూడమన్నారు. వచ్చిన సినిమాలలో ఒక ఈగ వెల్లకిలా ఉండి కాళ్లతో చిన్న బంతిని గిరగిరా తిప్పుతుంది, అగ్గిపుల్లను కూడా అలాగే తిప్పుతుంది. జనం విరగబడి చూశారు. ఇది మాయ అన్నవారున్నారు, ఈగను హింసించారని కోప్పడ్డవారూ ఉన్నారు. ఈగకు ఏ హానీ చేయలేదని స్మిత్ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఈగ కోసం సంజాయిషీ రాసిన గుమాస్తా బహుశా ఆయనొక్కరే అయివుంటారు.

సినిమాలతో పాఠాలు చెప్పవచ్చని తన శాఖలోని పెద్దలకు నచ్చజెప్పబోతే వారు చెవిన పెట్టలేదు. 1910లో గుమాస్తాగిరీ వదిలి పూర్తిగా ఈ పనిలోకి దిగారు. అదే ఏడాది వచ్చిన ‘ద బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’లో మొగ్గ విచ్చుకొని పువ్వు కావడాన్ని కొన్ని క్షణాలలో చూపించారు. రోజుల తరబడి, కొంత వ్యవధికి ఒక్కొక్క బొమ్మ చొప్పున తీస్తేనే అలా వస్తుంది. దానికి కావలసిన యంత్రం బజారులో దొరకదు. గడియారం చక్రాలు, పిల్లలాడుకొనే మెక్కానో ముక్కలు, గ్రామఫోను సూదులు, దీపం వత్తులు, ఏది చేతికి దొరికితే దానితో ఇంట్లోనే యంత్రాలు చేసుకొన్నారు. రాత్రిపూట ఏదైనా తప్పు జరిగితే మోగేలా మంచం దగ్గర గంట కూడా అమర్చుకొన్నారు. ఆ ఇంటి ఇల్లాలి ఓపిక గురించి పుస్తకాలు పెద్దగా రాయలేదు గాని మనం ఊహించుకోవచ్చు. 1922 నుంచి 1933 దాకా వచ్చిన ‘సీక్రెట్స్ ఆఫ్ నేచర్’ సినిమాలలో ఆయన పనితనం చాలా ఉంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంట్లో తయారైన పరికరాలు. కంపెనీలు ఈ రంగంలోకి రావడం తర్వాతి మాట. 1925లో లైకా కెమేరా బజారులోకి వచ్చి 35 మి.మీ. ఫిల్మును జేబులోకి తెచ్చింది. అయితే అటువంటి కెమేరాలో మనం చూసే కిటికీ ఒకటి, ఫొటో తీసే లెన్సు మరొకటి. కొండను తీస్తే తేడా తెలియదు. అంగుళం దూరంలోని గులాబీని తీస్తే కిటికీలో గులాబీ ఉంటుంది, ఫిల్ము మీద కాడ ఉంటుంది. ఈ చిక్కు తీర్చింది, లెన్సులోంచి వచ్చిన వెలుతురునే అద్దంతో మళ్లించి కంటికి చూపే ఎస్.ఎల్.ఆర్. పద్ధతి. 35 మి.మీ. ఫిల్ముకు ఆ పద్ధతిని బజారులో నిలబెట్టినది 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారైన కీనె ఎగ్జాక్టా. లెన్సుకూ కెమేరాకూ మధ్య ట్యూబులు, తిత్తులు బిగించుకొనే ఏర్పాటు ఉండడంతో డాక్టర్లు, పురుగుల శాస్త్రవేత్తలు దాన్ని ఇష్టపడ్డారు. 1945 ఫిబ్రవరి బాంబుదాడులలో ఆ ఫ్యాక్టరీ నేలమట్టమైంది, యుద్ధం తర్వాత మళ్లీ లేచింది. హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రియర్ విండో’ సినిమా చూసినవారికి కాలు విరిగి కుర్చీలో కూర్చొన్న హీరో చేతిలోని పొడుగు లెన్సు కెమేరా గుర్తుండే ఉంటుంది. అది ఎగ్జాక్టాయే. ఆ పొడుగు లెన్సు చేసిన హైన్జ్ కిల్‌ఫిట్ కంపెనీయే 1955లో మాక్రో-కిలార్ అనే లెన్సును తెచ్చింది. 35 మి.మీ. ఎస్.ఎల్.ఆర్.లకు ప్రత్యేకించి దగ్గరి ఫొటోల కోసం చేసిన మొదటి లెన్సుగా దాన్ని లెక్కిస్తారు.

జపానులో ఇదే పని ఇంకో దారిన జరిగింది. పత్రాలను మైక్రోఫిల్ములోకి ఎక్కించాలంటే ఇంగ్లీషు అక్షరాలకు సరిపడే లెన్సులు జపనీయుల కంజి లిపికి చాలలేదు. ఒక్కొక్క అక్షరంలో పది, పదిహేను గీతలు, అవన్నీ విడివిడిగా కనబడాలి. ఆ అవసరం కోసం నికాన్ వారు 1956లో మైక్రో-నిక్కార్ చేశారు, 1961లో ఎస్.ఎల్.ఆర్.కు 55 మి.మీ. రూపంలో తెచ్చారు. పురుగు కాలి మీది నూగును విడివిడిగా చూపించే లెన్సు పుట్టింది ఆఫీసు రికార్డుల కోసమని తెలిస్తే రికార్డు సెక్షనులో ముక్కిపోయిన మన మిత్రులకు కొంత ఊరట కలగవచ్చు.

మన దేశం సంగతికి వద్దాం. 1991కి ముందు మంచి కెమేరా అంటే విదేశాల నుంచి బంధువులు తెచ్చిపెట్టవలసిందే. దిగుమతి సుంకాలు అలా ఉండేవి. ఇంట్లో ఉన్నది ఆగ్ఫా క్లిక్, దానితో గ్రూపు ఫొటో తప్ప పురుగు ఫొటో రాదు. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వారు చేసే ఇందు ఫిల్ము ఉండేది. ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీ 1960లో ఏర్పడి, 2010 దశకంలో మూతపడింది. తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ము కూడా దొరికేది. కాస్త సరదా ఉన్న ఉద్యోగికి అందుబాటులోకి వచ్చిన ఎస్.ఎల్.ఆర్. రష్యా వారి జెనిట్. బరువు ఇటుకంత, బలం కూడా ఇటుకంతే. దానికి మరలతో బిగించే మూడు ట్యూబులు దొరికేవి: 7, 14, 28 మి.మీ. లోపల గాజు లేదు, ఖాళీ గొట్టాలే. మూడూ కలిపి 49 మి.మీ., లెన్సు 58 మి.మీ. అంటే అసలు కొలతలో ఎనభైనాలుగు పాళ్ల బొమ్మ ఫిల్ము మీద పడుతుంది. తిత్తి కెమేరా చేసే పనిని కొద్దిపాటి ఖర్చుతో ఈ గొట్టాలు చేసిపెట్టాయి.

వ్యవసాయ శాఖలో పనిచేసిన రోజులలో నేను వాడినవి ఇవే. మాకు అది సరదా కాదు, అవసరం. వరిని పట్టే సుడిదోమ మూడు, నాలుగు మి.మీ. ఉంటుంది. దుబ్బు అడుగున, నీటికి కాస్త పైన, చీకట్లో గుంపుగా కూర్చొని రసం పీలుస్తుంది. పైనుంచి చూసే రైతుకు కనబడదు. కనబడేసరికి చేను సుడులు సుడులుగా ఎండిపోయి ఉంటుంది. అదే దుబ్బులో ఆ దోమ గుడ్లను తినే మిరిడ్ నల్లి ఉంటుంది, దోమను పట్టే సాలెపురుగులూ ఉంటాయి. అంత చిన్నవాటిని విడమరచి చూపకపోతే రైతు కంటికి మిరిడ్ కూడా ఒక దోమే. రెండింటినీ కలిపి మందు కొడతాడు. మిత్రులు చచ్చిపోతారు, దోమ మళ్లీ పుట్టుకొస్తుంది, రెండోసారి మందుకు అప్పు చేస్తాడు. ఇండొనేషియాలో సరిగ్గా ఇదే జరిగి, 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. ఆ దేశంలోనే 1989లో పొలం బడులు మొదలై తర్వాత మన జిల్లాలకూ వచ్చాయి.

ఫిల్ము మీద మూడు మి.మీ. వచ్చిన దోమ స్లయిడును ఆరడుగుల తెర మీద వేస్తే ఆరంగుళాలు ఉంటుంది. అరచేయంత దోమను, దాని పక్కన అరచేయంత మిరిడ్‌ను చూసినప్పుడు రైతులు చేసే చప్పుడు వేరు. ‘ఇదా అండీ, దీన్ని మేం రోజూ చూస్తున్నాం’ అనేవారు. ఒక పెద్దాయన తెర దగ్గరకు వచ్చి దోమ మొహాన్ని వేలితో తడిమి చూశారు. ఆ ఫొటో తీయడానికి మోకాళ్ల లోతు బురదలో వంగి, ట్యూబుల వల్ల మూడున్నర రెట్లు తగ్గిన వెలుతురును వేళ్ల మీద లెక్కవేసుకొని, ఫోకస్ రింగు తిప్పకుండా ఒళ్లే ముందుకూ వెనక్కూ ఊపుతూ, స్పష్టంగా కనిపించిన క్షణంలో మీట నొక్కాలి. రీలులో 36 ఫొటోలకు నాలుగైదు నిలిస్తే పండగే. లెన్సు గురించి అప్పుడు మాకెవరికీ బెంగ లేదు, బెంగంతా వెలుతురు గురించే.

ఆ వెలుతురు బెంగను తీర్చింది ఎలక్ట్రానిక్ ఫ్లాష్. అమెరికాలో ఎం.ఐ.టి.కి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930 దశకంలో క్షణంలో అతి చిన్న వంతు మాత్రమే వెలిగి ఆరే దీపాలతో కదిలే వస్తువులను నిలబెట్టారు. దాన్ని పురుగుల మీదకు తెచ్చినవారిలో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ డాల్టన్ పేరు ముందు చెప్పాలి. ఎగిరే పురుగు రెక్క నిలవాలంటే సెకనులో ఇరవైఅయిదు వేలవ వంతు వెలుగు కావాలి. పురుగు ఒక కాంతికిరణాన్ని అడ్డగించగానే కెమేరా దానంతటదే పనిచేయాలి. మామూలు షట్టరు తెరుచుకొనేలోపు పురుగు దాటిపోతుంది కనుక వేగంగా తెరుచుకొనే షట్టరు కూడా చేయించుకోవలసి వచ్చింది. ఆ ఫొటోలతో 1975లో ‘బోర్న్ ఆన్ ద విండ్’ పుస్తకం వచ్చింది. 1977లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకలలోని బంగారు రికార్డులో భూమిని గురించి చెప్పే నూటికి పైగా చిత్రాలున్నాయి. పూల దగ్గర ఎగురుతున్న పురుగును చూపే ఆయన ఫొటో కూడా వాటిలో ఒకటి. తాజ్‌మహల్‌తో పాటు మన భూలోకపు పురుగొకటి కూడా సౌరమండలం దాటి పోతోందన్నమాట.

అదే 1975లో జపానులో ఒలింపస్ వారి ఓ.ఎం.-2 కెమేరా వచ్చింది. ఫిల్ము మీద పడి తిరిగివచ్చే వెలుతురును అప్పటికప్పుడు కొలిచి, చాలనుకొన్న క్షణంలో ఫ్లాష్‌ను ఆర్పేసేది. మేం వేళ్ల మీద వేసిన మూడున్నర రెట్ల లెక్క దానితో మాయమైంది. పురుగుల ఫొటోల చరిత్రలో గొప్ప మలుపు ఏదని అడిగితే చాలామంది ఏదో లెన్సు పేరు చెబుతారు. నా ఓటు మాత్రం దీనికే.

ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక జరిగింది మీ అందరికీ తెలిసిందే. తీసిన వెంటనే చూసుకోవచ్చు, చెడితే చెరిపేయవచ్చు, 36 లెక్క లేదు. రెండు మి.మీ. లోతు అనే పాత జరిమానాకు కూడా విరుగుడు దొరికింది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి, ఒక్కొక్కదానిలో స్పష్టంగా ఉన్న భాగాన్ని మాత్రం కంప్యూటరు ఏరి కలుపుతుంది. ఇంగ్లండులో లెవన్ బిస్ అనే ఫొటోగ్రాఫరు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని పురుగులను ఇలా తీసి 2016లో ప్రదర్శించారు. ఒక్కొక్క బొమ్మకు ఎనిమిది నుంచి పది వేల ఫొటోలు కలిపారు. అద్భుతమే, అయితే అవి మ్యూజియంలో సూదికి గుచ్చిన పురుగులు. టాల్బట్ రోజులలాగే కదలని పురుగు దగ్గరే ఈ పద్ధతికి పూర్తి బలం.

ఇక కొనుగోలు మాట. మన చత్వారం కళ్లద్దాలున్నాయే, ప్లస్ రెండు పవరువి, దాదాపు అదే అద్దాన్ని గుండ్రంగా చేసి లెన్సు ముందు బిగిస్తే క్లోజప్ లెన్సు అంటారు. చత్వారం వచ్చిన కన్ను అరమీటరు దూరంలోని పేపరు చదవగలిగినట్టే కెమేరా అరమీటరు దూరంలోని పువ్వును చూడగలుగుతుంది. ప్లస్ నాలుగయితే పాతిక సెంటీమీటర్లు. ఇంట్లో ఇప్పటికే కెమేరా ఉన్నవారు మొదట కొనవలసింది ఇదే. పువ్వులకు, పెద్ద సీతాకోకచిలుకలకు సరిపోతుంది. ఇది చాలకపోతే ఖాళీ ట్యూబులు. అసలు మాక్రో లెన్సు మూడో మెట్టు మీద ఉంది.

ఆ మెట్టు దాకా వెళ్లేవారు చూడవలసింది లెన్సు ధర కన్నా ముందు, లెన్సు మూతికీ పురుగుకీ మధ్య మిగిలే జాగా. 50 మి.మీ. లెన్సుతో ఒకటికి ఒకటి తీయాలంటే పురుగుకు అయిదారు సెంటీమీటర్ల దగ్గరకు వెళ్లాలి. చీమ సహిస్తుంది, తూనీగ సహించదు. వెలుతురును కూడా లెన్సే అడ్డుకొంటుంది. 100 మి.మీ. దయితే పదిహేను సెంటీమీటర్ల జాగా ఉంటుంది. పురుగుల కోసం కొనేవారు 90, 100 దగ్గర ఆగితే మేలు. 200 ఇంకా దూరం ఇస్తుంది, కాని బరువు, ఖరీదు, చేతి వణుకు అన్నీ దానితో పెరుగుతాయి. పూలకు మాత్రమే అయితే 50, 60 చాలు, పువ్వు పారిపోదు కదా! పాత మరల లెన్సులు ఇంట్లో ఉంటే పారేయకండి. కొత్త అద్దంలేని కెమేరాలకు ఒక చిన్న రింగుతో అవి చక్కగా బిగుస్తాయి. ఆ కెమేరాల వెనక తెర తిప్పుకొనే వీలున్నది చూసి తీసుకోండి. నేల మీది గడ్డిపువ్వు కోసం మోకాళ్ల మీద వంగవలసిన పని తప్పుతుంది. మన వయసులో లెన్సు కన్నా ఇది పెద్ద సౌకర్యం. రింగ్ ఫ్లాష్ నాకు నచ్చదు, బొమ్మను చప్పగా చేస్తుంది. మామూలు చిన్న ఫ్లాష్‌కు ముందు తెల్లకాగితమో పలచటి గుడ్డో కట్టి పక్కనుంచి వేస్తే వెలుగు మెత్తగా పడుతుంది. ట్రైపాడ్ పూలకు సరే, పురుగు వెంట అది తిరగలేదు. నడకకు తీసుకువెళ్లే చేతికర్రకు కెమేరాను ఆనించి పట్టుకొంటే చాలావరకు వణుకు ఆగుతుంది.

ఫోనుతో తీయవచ్చునా అని మనవలు నవ్వుతూ అడుగుతుంటారు. తీయవచ్చు. 2021 నుంచి కొన్ని ఖరీదైన ఫోనులు రెండు సెంటీమీటర్ల దగ్గర నుంచే ఫోకస్ చేయగలుగుతున్నాయి. చవక ఫోనుల వెనక ‘మాక్రో’ అని వేరే పెట్టిన రెండు మెగాపిక్సెళ్ల కన్ను మాత్రం చాలావరకు అలంకారమే. దాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి. దానికి బదులు ఫోను అసలు కెమేరా మీద క్లిప్పుతో తగిలించే చిన్న అద్దం నయం.

ఏ పరికరమైనా పురుగు ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. నిమ్మచెట్టు, కరివేపాకు చెట్టు లేత ఆకుల మీద పక్షిరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్ల పురుగు. దాన్ని చూసి ఆకు తుంచి పారేయకండి. ఊరి చివర జిల్లేడు మొక్కను వెతికితే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి ఒకటి ఉంటుంది. తొందరగా కదలదు, మొదటి ఫొటోకు అంతకన్నా మంచి పురుగు లేదు. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య గాలి తక్కువ, వెలుతురు మెత్తన. ఏ పురుగైనా చలికి ఇంకా బద్ధకంగానే ఉంటుంది.